బెజవాడ బజార్లో ఆఫీసు బ్యాగు

ఉదయం ఎనిమిదింటికి విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో ఒక్క పావుగంట నిలబడి చూడండి. ఉయ్యూరు, గుడివాడ, తెనాలి వైపు నుంచి వచ్చి దిగే ఆడపిల్లలూ, ఇక్కణ్ణించి కృష్ణ అవతల వెలగపూడి సచివాలయానికి బయల్దేరే ఉద్యోగినులూ, ఎవరి భుజం చూసినా ఓ బ్యాగు. సగంమంది ఒక భుజం ఎత్తి, మెడ పక్కకి వాల్చి నడుస్తుంటారు. రాత్రి అమృతాంజనం సీసా పట్టుకుని "అమ్మా, కాస్త మెడకి రాయవూ" అనేది వీళ్ళే. మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు.

మా అమ్మాయి ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలో బ్యాగు బరువని నీళ్ళ సీసా ఇంట్లోనే వదిలేసి వెళ్ళేది. బెజవాడ ఎండల సంగతి మీకు వేరే చెప్పాలా? ఒకరోజు బస్సు దిగుతూనే కళ్ళు తిరిగి కూలబడింది. ఆ రాత్రి వంటింటి కాటా ముందేసుకుని అన్నీ తూచాం. లాప్‌టాప్, చార్జరు రెండు కిలోలు. లీటరు నీళ్ళు, సీసాతో కలిపి కిలో పైన. అన్నం, కూరతో స్టీలు క్యారియరు ఇంకో కిలో. గొడుగు, పర్సు అరకిలో. వట్టి బ్యాగే కిలోన్నర! మొత్తం ఆరు కిలోలు దాటింది. బడిపిల్లల సంచి వాళ్ళ బరువులో పదోవంతు మించరాదని 2020లో కేంద్రం విధానం పెట్టింది. పెద్దవాళ్ళకీ అదే లెక్క వేసుకుంటే నష్టం లేదు. యాభై కిలోల పిల్లకి అయిదు కిలోలన్నమాట. తగ్గించాల్సింది నీళ్ళు కాదు, బ్యాగు.

ఇక బజారుకి పదండి. బీసెంట్ రోడ్డులో ఫుట్‌పాత్ మీదా, షాపుల్లోనూ రకరకాల బ్యాగులు దొరుకుతాయి. వెళ్ళేటప్పుడు టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా వెంట తీసుకెళ్ళండి. అక్కడే సర్ది, భుజాన వేసుకుని పదడుగులు నడిచి చూడండి. రంగు చూసి మురిసిపోకండి. పట్టీలు రెండూ మూడేళ్ళ వెడల్పుండి, లోపల మెత్త ఉండాలి. పట్టీ అతికిన చోట అడ్డంగా, నిలువుగా కుట్టు పడిందా అని లోపల తిరగేసి చూడండి. జిప్పు పదిసార్లు లాగండి. లాప్‌టాప్ అర వీపుకి ఆనుకుని ఉండాలి, సీసాకి పక్కన వేరే జేబుండాలి. బ్యాగు అడుగు నడుం కిందకి జారకూడదు.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, సిటీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు డబ్బుల్లేవు గానీ, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. నిలబడి వెళ్ళేటప్పుడు బ్యాగంతా వెతుక్కోకుండా, చేతికి అందే చిన్న జిప్పు జేబు ఒకటి కావాలి. రద్దీలో బ్యాగు ముందుకి తగిలించుకుంటే కార్డూ, ఫోనూ భద్రం. స్కూటర్ మీద ప్రకాశం బ్యారేజీ దాటేవాళ్ళు రెండు పట్టీలూ వేసుకుని, చున్నీ కొంగు బ్యాగు కింద ముడి వేసుకోండి. నది గాలికి అది చక్రంలో పడితే ప్రాణం మీదకొస్తుంది.

ఆఫీసు బల్ల దగ్గర మెడనొప్పి తగ్గడానికి ఖరీదైన సామాన్లేమీ అక్కర్లేదు. కాళ్ళు నేలకి అందకపోతే మనింటి చెక్కపీట చాలు. నడుం వెనక మడిచిన తువ్వాలు. లాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెడితే తెర పైఅంచు కళ్ళకి సమంగా వస్తుంది. అలా ఎత్తు పెంచినప్పుడు విడి కీబోర్డు ఒకటి కొనుక్కోవాలి, లేకపోతే చేతులు లాగుతాయి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయమని పిల్లలకి చెప్పండి.

మేం కొన్న కొత్త బ్యాగు ముప్పావు కిలో. స్టీలు క్యారియరు బదులు చిన్న డబ్బా పెట్టాం. బరువు అయిదు కిలోలకి దిగింది, సీసా మళ్ళీ బ్యాగులోకి ఎక్కింది. ఈ ఆదివారం మీరూ కాటా తీయండి. బజార్లో ఎంతైనా బేరమాడండి గానీ, పిల్ల తాగే నీళ్ళ దగ్గర మాత్రం బేరం వద్దు.