దొరికిన ఫోను

వస్తువు పోగొట్టుకొన్నవారి దుఃఖమును వర్ణించువారు లోకమున ననేకులు గలరు. దొరికినవాని పాటులు చెప్పువా రరుదు. ఆ వస్తువు స్మార్ట్‌ఫోను అగునెడల దొరికినవానికి సయితము చేయదగిన పనులును, చేయరాని పనులును గొన్ని యున్నవి. అందు నా యనుభవమునకు వచ్చినదానిని మన బాలబాలికలకు దెలుపగోరి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గడచిన వేసవి సెలవులలో నొక శుక్రవారము సాయంకాలమున రాజమహేంద్రవరమునుండి అమలాపురము పోవు బస్సులో నిలువబడియుంటిని. రావులపాలెమున పలువురు దిగగా కిటికీప్రక్క చోటు దొరికెను. కూర్చుండబోవునప్పుడు ఆసనమునకును బస్సు గోడకును నడుమ నిరుకుకొనియున్న ఫోను కనబడెను. అద్దము మూల పగిలియుండెను. వెనుక తొడుగులో మడిచిన పదిరూపాయల నోటును, మాత్రల పేర్లు వ్రాసిన చీటియు నుండెను. తెరకు తాళము వేయబడియుండెను. బ్యాటరీ 11 శాతము మాత్రమే మిగిలియుండెను.

చుట్టునున్నవారు తలకొక సలహా నిచ్చిరి. సిమ్ము తీసి నా ఫోనులో వేసి పేర్లు చూడుమని యొకరు, ముందు దానిని ఆపివేయుమని యొకరు చెప్పిరి. ఒక యువకుడు తా నెఱిగిన దుకాణములో తాళము విప్పించెద ననెను. సిమ్ము తీసినను, ఫోను ఆపినను యజమాని పిలుపు ఆ ఫోనునకు చేరదు. పేర్లన్న, నేటి ఫోనులలో నవి తఱచుగా సిమ్మునందు గాక ఫోనునందో గూగులు ఖాతాయందో యుండును. తాళము విప్పించుట పరుల పెట్టె పగులగొట్టుటతో సమానము. తాళము పడియున్న ఫోనైనను వచ్చిన పిలుపు నందుకొననిచ్చును గదా! దానినే నమ్ముకొంటిని.

కండక్టరుగారికి చూపితిని. "మేస్టారూ, నేను డిపోకు చేరేసరికి అర్ధరాత్రవుతుంది. ఈలోగా ఛార్జింగు అయిపోతుంది. మీ దగ్గరే ఉంచండి, ఎవరైనా అడిగితే మీ నంబరిస్తాను" అని నా పేరును నంబరును వ్రాసికొనెను. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 71వ సెక్షను ప్రకారము పరుల వస్తువు దొరికి దానిని తీసికొన్నవానికి, ఒకరు నమ్మి యప్పగించిన సొత్తును కాపాడువానికి గల బాధ్యతయే కలుగును. ఇంతకంటె నెంతయో పూర్వమే, ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున, తప్పిపోయిన యెద్దు యజమాని యెవరో తెలియనిచో దానిని ఇంటికి తోలుకొనిపోయి, అతడు వెదకుచు వచ్చువఱకు ఉంచవలెనని విధింపబడినది. ఎద్దయిన గడ్డి వేయవలెను. దీనికి విద్యుత్తు వేయవలెను. అమలాపురమున మా అక్కగారి యిల్లు చేరి చేసిన మొదటి పని యదియే.

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను మ్రోగెను. తెరపై "అమ్మ" అని కనబడెను. యజమాని యెవరో కాలేజీ కుఱ్ఱవాడు కాబోలు, తల్లి వెదకుచున్నది కాబోలు ననుకొంటిని. అంతలో "అమ్మా, పాప అన్నం తిన్నదా?" అని పడుచుగొంతు వినబడెను. నేను "హలో" యనగానే ఆ గొంతు ఆగిపోయెను. తరువాత నామె "ఎవరండీ మీరు? మా అమ్మకేమయింది?" అని యేడ్వసాగెను. ఆమె కువైటులో నొక యింట పనిచేయుచున్నదట. శుక్రవారమున మాత్రమే తీరికగా మాటలాడ వీలగునట. సముద్రములకు ఆవల నుండి తల్లికి ఫోను చేసినప్పుడు అపరిచితుడైన పురుషుడు పలికినచో ఏ కూతురికి గుండె నిలుచును? "భయపడకు తల్లీ, మీవాళ్లకేమీ కాలేదు, ఫోను బస్సులో దొరికింది" అని ముమ్మాఱు చెప్పినగాని యామె కుదుటపడలేదు. ఆ ఫోను ఆమె తల్లిది. తల్లికి చదువు రాదు. మనుమరాలు తన తల్లి నంబరును "అమ్మ" అని వ్రాసికొన్నది.

కూతురు తన వీధి చివరనున్న కిరాణాకొట్టువానికి కబురందజేయగా పావుగంటలో ఆ ముసలామె వారి ఫోనునుండి నాతో మాటలాడెను. తొడుగులో నేమున్నదని యడిగితిని. "పది రూపాయల నోటు, నా బీపీ బిళ్లల చీటీ బాబూ" అనెను. ఇక సందేహ మెక్కడిది?

మఱునాటి యుదయమున రావులపాలెము చేరువనున్న వారి పల్లెకు పోతిని. రాత్రి పొరుగింటి ఇంటర్మీడియటు విద్యార్థి, 2025లో "ఫైండ్ హబ్" అను క్రొత్త పేరు పొందిన గూగులువారి సాధనముతో వెదకజూచెనట. దానిచే ఫోను మ్రోతలేని స్థితిలో నున్నను అయిదు నిమిషములు గట్టిగా మ్రోగింపవచ్చును. కాని ఖాతా తెఱచుటకు రహస్యపదము కావలెను. అది ఫోను అమ్మిన దుకాణదారుడు సృష్టించిన ఖాతా. పదమేమో ఇంట నెవ్వరికిని తెలియదు. పల్లెలలో నిట్టివి వేయి యుండునని నా యూహ.

"పైనుంచి ఉపగ్రహాలు చూస్తుంటాయంట గదా బాబూ, వాటికి నా ఫోను కనపడలేదా?" అని యామె యడిగెను. ఈ భ్రమ చదువుకొన్నవారిలోను గలదు. జీపీయస్ ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు, కాలమును తమ స్థానమును చాటుచుండును; అంతియేగాని అవి ఫోనును చూడవు. ఫోనే నాలుగింటి సంకేతములనైన విని, ఏది యెంత యాలస్యముగా వచ్చెనో లెక్కించి తా నెచటనున్నదో తెలిసికొనును. ఆ సంగతిని ఇంటర్నెట్టు మార్గమున మనకు తెలుపవలసినదియు ఫోనే. అది ఆఱిపోయిన పిమ్మట ఆకాశమున నడుగువా రెవరు?

మనుమరాలు వ్రేలితో తెరపై గీతలు గీచి తాళము తీసెను. ఆ బిడ్డచే నక్షత్రపు గుర్తు, హాషు గుర్తు, సున్న, ఆఱు, మరల హాషు నొక్కించితిని. 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కనబడెను. నిజముగా దొంగిలింపబడినచో పోలీసులకు ఫిర్యాదు చేసి, 2023 మే నెలలో దేశమంతటికిని తెఱచిన సంచార్ సాథీ పోర్టలునందు ఆ సంఖ్య నిచ్చిన, మన దేశమున నే సిమ్ము వేసినను ఆ ఫోను పనిచేయకుండ నిలుపుదురు. పెట్టె, రసీదు లేని యింట ఆ సంఖ్య యెక్కడనైన వ్రాసియుండుట యవసరము. బిడ్డ నోటుపుస్తకపు అట్టలోపల వ్రాసికొనెను.

అమ్మమ్మ మాత్రము ఆ సంఖ్యను లక్ష్యపెట్టలేదు. "అది సరేలే, మీ అమ్మ నంబరు గోడమీద పెద్దగా రాయవే" అనెను. బిడ్డ బొగ్గు తెచ్చి, పీటపై నిలిచి, 965తో మొదలగు ఆ పదునొకండు అంకెలను పొయ్యిగదిగోడపై జానెడేసి యెత్తున వ్రాసెను. ఒక్కొక్క యంకెను తాకి చూపుచు మనుమరాలు చెప్పగా ముసలామె వెంట పలుకుచుండెను. నాకు బస్సు వేళ యగుటచే నేను వచ్చునప్పటికి నాలుగవ యంకెవఱకు వచ్చినది.