పాట కట్టినమ్మ పేరేదీ?

బతుకమ్మ రోజుల్లో మా బాన్సువాడలో ఏ వాడకు వెళ్ళినా పాట వినిపిస్తుంది. ఆ పాట ఎవరు కట్టారని అడిగి చూడండి, ఎవ్వరూ చెప్పలేరు. పాత పాటలంటే సరే, తరతరాల సొత్తు. మరి నిరుడు కట్టిన పాట సంగతో?

మా వీధిలో ఒకామె ఉంది. బీడీలు చుడుతూనే పాటలల్లుతుంది. ఆమె కట్టిన పాటను ఎవరో పాడించి వీడియో తీశారు. అది ఊరూరా మోగింది. ఈమెకు పేరూ లేదు, పైసా లేదు. నేను బాధపడితే, "పాటకు పేరెందుకక్కా? నోటికొచ్చింది, కట్టిన" అని నవ్వేసింది. బీడీల లెక్కలో ఒక్క కట్ట తేడా వస్తే మాత్రం ఊరుకోదు!

అందుకే పాట కట్టేవాళ్ళకూ, పాడి బతికేవాళ్ళకూ శిక్షణ శిబిరాలు కావాలంటాను. "పాట పుట్టుకతో రావాలి గానీ శిక్షణేమిటి?" అంటారేమో. మనకిది కొత్తేం కాదు. 1940లలో ప్రజానాట్యమండలి శిబిరాలు పెట్టి బుర్రకథ నేర్పింది. ఆడది వేదికెక్కితేనే వింతగా చూసే ఆ రోజుల్లో మోటూరి ఉదయం గారు ఆడవాళ్ళ దళంతో బుర్రకథ చెప్పారు. 1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో కళాకారులు పాటలు సాధన చేసి ఊరూరా కళాజాతాలు నడిపారు. అక్కడ చదువు నేర్చిన ఆడవాళ్ళే 1992లో సారా మీద తిరగబడ్డారు.

ఇప్పటి శిబిరాల్లో రాగం, తాళంతో పాటు హక్కులూ నేర్పాలి. ఈలోగా ఈ నాలుగు ముక్కలూ వంటింటి చిట్కాల్లా గుర్తు పెట్టుకోండి.

సొంతంగా అల్లిన పాటను కాగితం మీద పెట్టగానే హక్కు మీదే. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు. రుజువు కోసం తేదీ వేసి రాసుకోండి, ఫోనులో పాడి దాచుకోండి. ఆ హక్కు మీ తర్వాత మరో 60 ఏళ్ళు మీ వారసులకు ఉంటుంది. తరతరాల పాట మాత్రం అందరిదీ. అందులో మీరు కొత్తగా చేర్చిన చరణమే మీది.

పాట హక్కు ఎవరికైనా రాసివ్వాలంటే కాగితం, సంతకం ఉండాలి. ఎంతకాలానికో అందులో రాయకపోతే 5 ఏళ్ళకే చెల్లుతుంది. 2012లో సవరించిన చట్టం ఇంకో మేలు చేసింది. రికార్డయిన పాట మీద వచ్చే రాయల్టీలో, సినిమాహాల్లో ఆడేదానికి తప్ప, రాసినవారికీ బాణీ కట్టినవారికీ వాటా ఉంటుంది. ఆ వాటా వదులుకుంటున్నామని కంపెనీకి సంతకం పెట్టినా చెల్లదు.

మనందరి ఇళ్ళల్లో పాల లెక్క, కిరాణా పద్దు రాసే నోటుబుక్కు ఉంటుంది కదా. అందులో వెనక నాలుగు పేజీలు పాటకు కేటాయించండి. పైన తేదీ, కింద మీ పేరు. పైసా పైసాకూ పద్దు రాసే మనం, మన పాటకు మన పేరు రాసుకోలేమా?