తలకిందులా? నిటారా?

కాచిగూడ నుంచి తార్నాక ఆర్టీసీ ఆసుపత్రికి ఎంత దూరం?

ఆ ఇంట్లో ఎవరినడిగినా కిలోమీటర్లలో చెప్పరు. స్పీడ్ బ్రేకర్లలో చెబుతారు! ఇంటిపెద్ద ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఏళ్లతరబడి బస్సుల కింద వంగి పనిచేయడంతో నడుములో పూసలు అరిగాయి. నెలకోసారి ఆసుపత్రికి వెళ్లాలి. కొడుకు పాత స్విఫ్ట్‌లో తీసుకెళ్తాడు. అడిక్‌మెట్ దాటి ఉస్మానియా క్యాంపస్‌లోకి రాగానే ఆయన చెయ్యి తలుపు పైనున్న పిడిని వెతుక్కుంటుంది.

కొడుకు చదివేది అదే క్యాంపస్‌లో, మెకానికల్ ఇంజినీరింగ్. కార్లంటే పిచ్చి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ రేసు జరిగినప్పటి నుంచి ఆ పిచ్చి మరీ ముదిరింది. ఎప్పటికైనా తమ స్విఫ్ట్‌ని చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద పరుగెత్తించాలన్నది అతని కల. అందుకోసం ట్యూషన్లు చెప్పి ఏడాదిగా డబ్బు దాస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే కారు షాక్ అబ్జార్బర్లు నూనె కారడం మొదలెట్టాయి. మెకానిక్‌ల భాషలో చెప్పాలంటే 'షాకప్‌లు పోయాయి'. ఎలాగూ మార్చాలి. మారిస్తే మామూలువి ఎందుకు? తలకిందులుగా బిగించే రకం వేస్తే పోలా! సుబారు ఎస్‌టీఐ, మిత్సుబిషి ఎవల్యూషన్ లాంటి పేరున్న కార్ల ముందు చక్రాలకు అలాంటివే వచ్చాయి. 2012లో మన దేశానికి వచ్చిన కేటీఎం డ్యూక్ 200 బైకు ముందు ఫోర్కూ తలకిందులదే కదా!

"గది తలకిందులుగ పెడితే ఏమొస్తది రా?" అని అడిగాడు తండ్రి.

కొడుకు కాగితం మీద బొమ్మ గీశాడు.

గొట్టం పైకి... కడ్డీ కిందికి

స్ప్రింగు ఒకసారి నొక్కుకుంటే ఊరికే ఆగదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగుడును ఆపేదే షాకప్. గొట్టం నిండా నూనె. కడ్డీ చివరి పిస్టన్‌కున్న సన్నటి దారుల్లోంచి నూనె కష్టంగా దూరుతుంది. ఊగుడులోని శక్తి కాస్తా వేడిగా మారిపోతుంది. నిటారు రకంలో లావు గొట్టం కింద చక్రం వైపు, సన్నటి కడ్డీ పైన ఉంటాయి. తలకిందులు రకంలో గొట్టం పైకి పోతుంది.

అయితే ప్రతి షాకప్‌నూ తిప్పేయడం కుదరదు. ఎక్కువ కార్లకు వచ్చే రెండు గొట్టాల రకంలో నూనె పైన కొంత గాలి లేదా గ్యాస్ ఉంటుంది. సగం ఖాళీ అయిన కొబ్బరినూనె సీసాను బోర్లిస్తే ఏమవుతుంది? అడుగున్న గాలి పైకి, నూనె మూతలోకి! ఇక్కడా అంతే. తిప్పితే అడుగునుండే వాల్వు నూనెకు బదులు గాలిని మింగుతుంది. ఒంటి గొట్టం రకంలో నూనెకూ, గ్యాస్‌కూ మధ్య కదిలే అడ్డు ఒకటి ఉంటుంది కాబట్టి ఎటు తిప్పినా ఫర్వాలేదు.

మరి తిప్పితే లాభం? స్విఫ్ట్ ముందు చక్రాలకున్నవి మెక్‌ఫెర్సన్ స్ట్రట్లు. అంటే అక్కడ షాకప్ ఊగుడు ఆపడమే కాదు, చక్రాన్ని నిలబెట్టే స్తంభం కూడా. మలుపులో దానిమీద పక్కనుంచి బరువు పడుతుంది. కడ్డీ ఒంగాలని చూస్తుంది. గట్టి కడ్డీ వ్యాసం రెట్టింపైతే ఒంగకుండా నిలిచే శక్తి 16 రెట్లవుతుంది. తలకిందులు రకంలో ఆ పక్కబరువును సన్నటి కడ్డీకి బదులు లావు గొట్టం మోస్తుంది. లోపల బోలు కాబట్టి లెక్క అంత రాకపోయినా తేడా మాత్రం పెద్దదే.

"మరి వెనక చక్రాలకు?"

కొడుకు ఆగాడు. వెనకాల చక్రాన్ని నిలబెట్టే పని ఇరుసుది. షాకప్ పైకీ కిందికీ కదిలితే చాలు. అక్కడ ఈ లాభం లేదు.

"బరువు తగ్గుతది నాయినా! గొట్టం, నూనె బాడీ దిక్కు పోతయి. చక్రం తేలికైతది."

"ముందర స్ట్రట్ల గట్ల కాదు. ఆ గొట్టం జారనీకి బయట ఇంకో గొట్టం ఉండాలె. అది చక్రం దిక్కే ఉంటది గద!"

నిజమే. చక్రం మీది బరువు తగ్గే లాభం ముందు స్ట్రట్లలో పెద్దగా మిగలదు. పైగా గొట్టం జారే బుష్‌లకు గ్రీజు కావాలి. అది ఆరితే రాపిడి, టకటక చప్పుడు. చిన్న చిన్న గతుకులకు షాకప్ వెంటనే కదలదు, దెబ్బ సీటుదాకా వస్తుంది. వేగంగా మలుపులు తిరిగే ట్రాక్ మీద దాన్ని పట్టించుకోరు. మన వీధుల్లో పట్టించుకోక తప్పదు.

ఏ రోడ్డుకు?

తండ్రి 'వద్దు' అనలేదు. తన నడుం మాట ఎత్తనేలేదు. ఒక్కటే అడిగాడు. "నీ బండి ఏడాదిల ఎన్ని దినాలు ట్రాక్ మీద ఉంటది? ఎన్ని దినాలు గీ రోడ్ల మీద ఉంటది?"

ఆ రాత్రి కుర్రాడు చాలాసేపు బొమ్మలు చూస్తూ కూర్చున్నాడు. తలకిందులది గొప్పదా, నిటారుది గొప్పదా అన్నది అసలు ప్రశ్నే కాదు. దానిమీద పడే బరువు ఎటునుంచి, ఎంత? ఏ రోడ్డు మీద? లోపలి వాల్వులు ఆ స్ప్రింగుకు, ఆ కారు బరువుకు నప్పాయా? తలకిందులు పెట్టినా నిటారుగా పెట్టినా, వాల్వులు నప్పకపోతే కారు కుదురుగా ఉండదు.

చివరికి నాలుగు చక్రాలకూ కారు కొలతకు సరిపోయే నిటారు గ్యాస్ షాకప్‌లే కొన్నాడు. అరిగిపోయిన రబ్బరు బుష్‌లు, పై మౌంటింగులూ మార్పించాడు. బిగించేటప్పుడు తండ్రి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బండి బరువు నేలమీద పడ్డాకే బుష్ బోల్టులు పూర్తిగా బిగించాలని, లేకపోతే రబ్బరు మెలిపడి చిరుగుతుందని గుర్తుచేశాడు.

మిగిలిన డబ్బు మళ్లీ డబ్బాలోకే వెళ్లింది. "ట్రాక్ మీదికి పోయేనాడు ముందర రెండూ తలకిందులువే పెట్టుకుందువులే. నేనే బిగిస్త" అన్నాడాయన.

తర్వాతి నెల మళ్లీ ఆసుపత్రి ప్రయాణం. ఆర్ట్స్ కాలేజీ దాటింది, తార్నాక చౌరస్తా వచ్చింది. "ఎన్ని బ్రేకర్లు దాటినం నాయినా?" అని అడిగాడు కొడుకు.

"లెక్కపెట్టలే" అన్నాడాయన. రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి.