గిటార్ గొంతు కోసం మోంత్రయ్ దాకా

పారిస్ మెట్రో తొమ్మిదో లైను తూర్పు కొస మోంత్రయ్. దానికి ఒక స్టేషన్ ముందు, క్రువా ద శవోలో దిగి, గిటార్ పెట్టె భుజాన వేసుకుని పది నిమిషాలు నడిచాను. పాత ఇళ్ల మధ్య రాళ్లు పరిచిన పెరడు, దాని మూల ఒక అద్దాల తలుపు. తలుపు తీయగానే రోజ్‌వుడ్ పొడి వాసన, లక్క వాసన కలిసి తగిలాయి. గోడ నిండా అచ్చులు, బిగింపులు, మెడలు లేని గిటార్ డొక్కలు వేలాడుతున్నాయి. నలభై ఏళ్లుగా గిటార్లు బాగుచేస్తున్న ఒక పెద్దాయన వర్క్‌షాప్ ఇది. తన పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మా బ్యాండ్‌లో ఐదుగురం. శాక్సోఫోన్, ట్రంపెట్, డబుల్ బేస్, డ్రమ్స్, నా గిటార్. వారమంతా ఉద్యోగాలు చేసుకుని శనివారం సాయంత్రం కలిసి జాజ్ వాయించుకుంటాం. నెల కిందట ఒక కెఫేలో వాయించాం. నా సోలో వచ్చింది. ముప్ఫై రెండు బార్లూ, అంటే ముప్ఫై రెండు ఆవర్తాలూ, మనసు పెట్టి వాయించాను. ముందు బల్ల దగ్గర కూర్చున్న నా భార్యకి కూడా ఒక్క స్వరం వినబడలేదట. రెండో విడతలో అద్దెకి తెచ్చిన యాంప్ పెంచాను. పెంచీ పెంచగానే గిటార్ ఊళ పెట్టింది. స్పీకర్లోంచి వచ్చిన ధ్వని గిటార్ డొక్కని కదిలిస్తుంది, ఆ కదలిక మళ్లీ దాన్ని కరెంటుగా మార్చే పికప్‌లోకి వెళ్లి స్పీకర్‌కి చేరుతుంది, అలా తిరిగి తిరిగి పెరిగిపోతుంది. మన ఊళ్లో మైకుసెట్టు వాళ్లు 'మైకు కూస్తోంది' అంటారు. ఫ్రెంచివాళ్లు దాన్ని 'లార్సెన్' అంటారు, అది ఒక డెన్మార్క్ భౌతిక శాస్త్రవేత్త పేరు.

కొత్త యాంప్ కొనే స్తోమత లేదు. నా దగ్గర ఉన్నది 150 యూరోలు. ఆ మాట ముందే చెప్పేశాను.

ఆయన గిటార్ పెట్టె తెరవలేదు. "మీ డ్రమ్స్ అతను కర్రలతో వాయిస్తాడా, బ్రష్షులతోనా?" అని అడిగారు. కర్రలతోనే అన్నాను. "మీ సోలో వెనక శాక్సోఫోన్ ఏం చేస్తుంటుంది?" సన్నగా ఏదో పలుకుతూ ఉంటుంది అన్నాను. "మీరు నిలబడేది ఎక్కడ?" డ్రమ్స్ సెట్టు సింబల్ పక్కన. ఆయన తల ఊపి, "ముందు వాళ్ల సంగతి చూడాలి, మీ గిటార్ సంగతి తర్వాత" అన్నారు. నేను వెళ్లింది మంచి పికప్ కోసం. ఆ మాట నాకు అప్పుడు రుచించలేదు.

నాది సెల్మర్ అనే ఫ్రెంచి కంపెనీ పద్ధతిలో చేసిన గిటార్. ఆ అసలు సెల్మర్ ఒకదాన్ని ఆ పొద్దున్నే లా విలెత్‌లోని సంగీత మ్యూజియంలో చూసి వచ్చాను. నంబరు 503, 1940 నాటిది, జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ వాయించినది. అతను పోయాక 1964లో భార్య నగీన్ ఇచ్చిన కానుక. అద్దం అవతల చిన్నదిగానే కనబడింది. సౌండ్ హోల్ కోడిగుడ్డు ఆకారంలో సన్నగా ఉంటుంది. నేను అక్కడే అరగంట నిలబడిపోయాను. 1928లో ఇల్లుగా వాడుకున్న బండి అంటుకుని జాంగో ఎడమ చెయ్యి కాలిపోయింది. తర్వాత సోలోలన్నీ దాదాపు రెండు వేళ్లతోనే వాయించాడు. ఆ రెండు వేళ్ల స్వరాలు హాలు చివరిదాకా ఎలా వినబడేవన్నదే నా ప్రశ్న.

పెద్దాయన దగ్గర దానికి జవాబు ఉంది. 1934లో మొదలైన హాట్ క్లబ్ క్వింటెట్‌లో జాంగో, వయొలిన్‌తో స్తెఫాన్ గ్రపెల్లి, ఇంకో ఇద్దరు గిటారిస్టులు, ఒక డబుల్ బేస్ ఉండేవారు. డ్రమ్స్ లేవు, ట్రంపెట్ లేదు. సోలో గిటార్‌ని మింగేసే వాద్యం అందులో ఒక్కటి కూడా లేదు. ఇక గిటార్‌ని కూడా గట్టిగా మోగేలాగే చేశారు. ఇటలీ గిటారిస్టు మారియో మక్కఫెర్రి రూపకల్పన అది. 1932లో సెల్మర్ కంపెనీ తయారీ మొదలుపెట్టింది, 1952 దాకా సుమారు వెయ్యి చేసింది. శాక్సోఫోన్లకి పేరుపడ్డ సెల్మర్ అదే. నా పక్కన నిలబడి నన్ను వినబడనివ్వని శాక్సోఫోన్, నా చేతిలోని గిటార్ మూలరూపం, రెండూ ఒకే ఇంటివని నాకు ఆ రోజే తెలిసింది.

అమెరికాలో దారి వేరు. పెద్ద బ్యాండ్లలో గిటార్ తాళం పట్టే పనికే పరిమితమైంది. కౌంట్ బేసీ బ్యాండ్‌లో ఫ్రెడ్డీ గ్రీన్ 1937 నుంచి 1987లో చనిపోయేదాకా యాంప్ లేకుండా తాళం పట్టాడు, సోలోలు దాదాపు వాయించనేలేదు. గిటార్ సోలో ట్రంపెట్‌తో సమానంగా వినబడింది 1939లో బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్‌లో చేరిన చార్లీ క్రిస్టియన్‌తో, అదీ ఎలక్ట్రిక్ గిటార్ మీద. జాంగో కూడా 1946లో డ్యూక్ ఎలింగ్టన్‌తో అమెరికా తిరిగినప్పుడు ఎలక్ట్రిక్ వాయించాడు. తిరిగి వచ్చాక తన సెల్మర్‌కి స్టిమెర్ అనే ఫ్రెంచి పికప్ తగిలించుకున్నాడు. అంతటివాడికీ డ్రమ్స్ వచ్చి చేరాక కరెంటు కావలసి వచ్చింది.

అప్పుడు నా గిటార్ బల్ల మీదికి ఎక్కింది. ఆయన సొరుగులోంచి పాత రూపాయి బిళ్లంత ఇత్తడి రేకు తీశారు. మధ్యలో తెల్లటి పింగాణీ పూత, రెండు సన్నటి వైర్లు. బజర్లలో వాడే పియెజో బిళ్ల, వెల రెండు యూరోలు. నొక్కితే, కదిలితే కరెంటు పుట్టించే గుణం దానిది. ఈ తరహా గిటార్లలో తీగలు ఆనే బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల ఒత్తిడి మీదే నిలబడుతుంది. అందుకని మామూలు గిటార్లకి పెట్టే పట్టీ పికప్ దీనికి నప్పదు. ఇక్కడ గోడలకి పోస్టర్లు అంటించే పటాఫిక్స్ అనే తెల్లటి ముద్ద ఉంటుంది. దాన్ని చిటికెడు తీసి బిళ్ల వెనక పెట్టి, గుడ్డు ఆకారపు రంధ్రంలోంచి వేళ్లు దూర్చి, బ్రిడ్జి కాలి కింద లోపలి చెక్కకి అంటించారు. నన్ను ఒకే ఫ్రేజు వాయిస్తూ ఉండమన్నారు. బిళ్లని ఒక్కో సెంటీమీటరు జరుపుతూ పోయారు. ఒకచోట సన్నతీగలు గాజు పగిలినట్టు వినబడ్డాయి, ఇంకోచోట లావుతీగ డబ్బాలో పలికినట్టుంది. పదమూడో చోటో పద్నాలుగో చోటో ఇద్దరం ఒకేసారి ముఖాలు చూసుకున్నాం. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టారు. అరగంట పట్టింది.

తర్వాత చూపించింది నాకు అన్నిటికన్నా విలువైన పాఠం. బిళ్ల వైరుని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెట్టారు. గొంతు రేకు డబ్బాలా కీచుగా ఉంది. అదే వైరుని, మిక్సర్‌కి ముందు పెట్టే చిన్న ప్రీయాంప్ గుండా పంపారు. ఒక్కసారిగా చెక్క వాసన వచ్చిందా అనిపించేంత నిండుగా పలికింది. కారణం కాగితం మీద లెక్క కట్టి చూపించారు. అంత బిళ్లకి కెపాసిటెన్స్ 20 నానోఫారడ్ల దగ్గర ఉంటుంది. మిక్సర్ ఇన్‌పుట్ 10 కిలో ఓములైతే, సుమారు 800 హెర్ట్జ్ నుంచి కిందికి పోయేకొద్దీ ధ్వని సన్నగిల్లిపోతుంది. గిటార్ సన్నతీగ విడిగా మీటితే పలికేది 330 హెర్ట్జ్. అంటే స్వరాల వేర్లన్నీ తెగిపోయి కొసలే మిగులుతాయి. ఇన్‌పుట్ ఒక మెగా ఓమ్ అయితే ఆ గీత 8 హెర్ట్జ్‌కి దిగిపోతుంది, గిటార్ మొత్తం లోపలికి వస్తుంది. పియెజో అంటే కీచుగొంతేనని తిట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు తేడా చేస్తున్నది ఈ ఒక్క అంకెని చూసుకోకపోవడమే.

మైకు దగ్గర ఆయన ఇంత సేపు తీసుకోలేదు. వాడిన షూర్ ఎస్‌ఎం57 ఒకటి ఇచ్చారు. రంధ్రానికి ఎదురుగా పెట్టవద్దు, అక్కడ గాలి గుమ్మని మోగుతుంది. మెడ డొక్కతో కలిసే చోటుకి గురిపెట్టమన్నారు. ఆ మైకు వెనకనుంచి వచ్చే ధ్వనిని తక్కువగా పట్టుకుంటుంది కాబట్టి మానిటర్ స్పీకర్ మైకు వీపు వైపు ఉండాలి. తాళం పట్టేటప్పుడు అర మీటరు దూరంలో ఉండి, సోలోకి పాతిక సెంటీమీటర్లకి జరిగితే 6 డెసిబెల్స్ వస్తాయి. యాంప్ శక్తి నాలుగింతలు చేస్తేగానీ రాని పెంపు అది. ఒక్క అడుగు ముందుకి వేస్తే వస్తుంది.

ఊళ సంగతి మిగిలింది. ఆయన వంగి గిటార్ రంధ్రం దగ్గర నోరు పెట్టి సన్నగా హమ్ చేస్తూ కిందికి దిగారు. లావుతీగ మూడో ఫ్రెట్ స్వరం దగ్గరికి రాగానే డొక్క తిరిగి 'హూం' అని పలికింది. నా అరచేతికి ఆ అదురు తెలిసింది. ఆ డొక్కలోని గాలి సొంత స్వరం 100 హెర్ట్జ్ దగ్గర ఉందన్నమాట. కెఫేలో కూసింది అదే. బజారులో దొరికే రబ్బరు మూతలు గుండ్రటి రంధ్రాలకే సరిపోతాయి. అందుకని పాత క్యాంపింగ్ చాప ముక్క మీద కాగితం అచ్చు పెట్టి, గుడ్డు ఆకారంలో కోసి, అంచులు నొక్కి బిగించారు. మిక్సర్ మీద 100 హెర్ట్జ్ కిందివాటిని తగ్గించే లో-కట్ మీట వేశారు. ఈసారి కెఫేలో పెట్టినంత పెంచినా గిటార్ నోరెత్తలేదు.

సాయంత్రం ఆయనే మా రిహార్సల్‌కి వచ్చారు. రెండు వీధుల అవతల ఒక సెల్లార్‌లో. నేను పియెజో గొంతు పెంచబోతే చెయ్యి అడ్డుపెట్టారు. డ్రమ్స్ అబ్బాయిని నా సోలోకి బ్రష్షులు తీసుకోమన్నారు. శాక్సోఫోన్, ట్రంపెట్ వాళ్లని ఆ ముప్ఫై రెండు బార్లూ ఊరుకోమన్నారు. నన్ను సింబల్ పక్కనుంచి బేస్ పక్కకి జరిపారు. మైకు ఒక్కటే ఉంచారు. నా సోలో వచ్చింది. బేస్ నడక మీద నా స్వరాలు ఒక్కొక్కటీ, చివర తీగ మీద వేలు జారిన చప్పుడుతో సహా, నాకే వినబడ్డాయి. మూడేళ్లలో అదే మొదటిసారి. డ్రమ్స్ అబ్బాయి వాయిస్తూనే తలెత్తి చూశాడు. నీ గిటార్ ఇలా ఉంటుందని నాకు తెలీదు అన్నాడు తర్వాత. కర్రలు తప్పని పాటల్లో మాత్రం బిళ్లని కొంచెం కలపమన్నారు పెద్దాయన.

మనిషి చెవికి ధ్వని రెండింతలు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే 15 వాట్ల యాంప్ ఉన్న చోట 150 వాట్లది పెట్టాలి. అంత డబ్బు నా దగ్గర లేకపోవడం వల్లే డ్రమ్స్, శాక్సోఫోన్, ట్రంపెట్ వాళ్లు ముగ్గురూ తగ్గారు. డబ్బుంటే నేను ఆ యాంప్ కొనేసేవాణ్ణి, వాళ్లు దాన్ని మించి వాయించేవాళ్లు. బిళ్ల 2 యూరోలు, వాడిన ప్రీయాంప్ 45, వాడిన మైకు 60, ఆయన కూలి 40. మొత్తం 147.

తిరుగు మెట్రోలో మా పిన్ని గుర్తొచ్చింది. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంది. ఉత్సవాలకి మండపంలో వాయించేటప్పుడు మృదంగం ముందు వీణ నిలవదని కాంటాక్ట్ మైకు అంటించుకుని, దాని వైరు నేరుగా అద్దె మిక్సర్‌లో పెట్టించుకుంటుంది. గొంతు సన్నగా, రేకులా వస్తుందని ప్రతి ఏడూ బాధపడుతుంది. వీణ పాతబడిపోయిందేమో అనుకుంటోంది. ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను, తప్పు వీణది కాదని. వీణకో మాండలిన్‌కో ఇలాంటి బిళ్ల మైకు వాడేవాళ్లు మీలో ఉంటే, కొత్తది కొనేముందు మధ్యలో ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్ పెట్టి వినండి. వచ్చే సంక్రాంతికి పిన్ని కోసం ఒకటి తీసుకెళ్తున్నాను.