తాడు అప్పగించే రోజు

పశువుల ప్రదర్శనలో గెలుపు తేలేది బరిలో, పది నిమిషాల్లో. అది తయారయ్యేది మాత్రం కొట్టంలో, ఎవరూ చూడని తొమ్మిది పది నెలల్లో. ఒంగోలు గిత్తల మధ్య పెరిగిన మన పల్లెవాళ్ళకు ఇది కొత్త మాట కాదు. అయినా వేరే దేశంలో, ఒక పదమూడేళ్ళ అమ్మాయి ఆ పని చేస్తుంటే పక్కన నిలబడి చూశాక, తెలిసిన మాటే నాకు ఇంకోలా వినబడింది. అది మీతో చెప్పుకోవాలనిపించింది.

మా చిన్నమ్మాయి, అల్లుడు అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఉంటారు. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో చిన్న ఊరు. నేనూ మా ఆవిడా ఫిబ్రవరిలో వెళ్ళి జూలై ఆఖరు దాకా ఉన్నాం. వాళ్ళ ఇంటి వెనక పొలం ఒక రైతుది. ఆయన కూతురు ఒక స్టీర్‌ను పెంచుతోంది. స్టీర్ అంటే చిన్నప్పుడే విత్తులు తీసేసిన కోడె దూడ. మన దగ్గరైతే దాన్ని కాడికి అలవాటు చేసి ఎద్దును చేస్తాం. వాళ్ళు మాంసం కోసం పెంచుతారు. ఫోర్-హెచ్ అనే పిల్లల సంఘం ద్వారా పల్లె పిల్లలు ఇలాంటి దూడలను పెంచి, వేసవిలో జిల్లా తిరునాళ్ళలో పోటీకి పెడతారు. తలా, మనసూ, చేతులూ, ఆరోగ్యమూ అనే నాలుగు మాటలకు ఆంగ్లంలో హెచ్ అనే అక్షరమే మొదలు. ఆ సంఘానికి ఆ పేరు అలా వచ్చింది. కొన్ని ఆగస్టులో డెమోయిన్‌లో జరిగే రాష్ట్ర ప్రదర్శనకు కూడా వెళ్తాయి. అది 1854 నుంచి ఉన్న పెద్ద తిరునాళ్ళు.

మొదటి పని దూడను ఎంచుకోవడం. అల్లుడు మధ్యలో ఉండి మాట కలుపుతుంటే ఆ రైతు నాకు చెప్పాడు: "అందం చూసి కొంటే మోసపోతాం. నడక చూడాలి." వెనక కాలు ముందు కాలి అడుగులో పడుతోందా, వీపు నిటారుగా ఉందా, కీళ్ళు సాఫీగా కదులుతున్నాయా, పక్కటెముకలు విశాలంగా ఉన్నాయా అని చూస్తారు. మా నాన్న సంతలో ఎద్దును బేరమాడే ముందు దాన్ని నాలుగడుగులు నడిపించమనేవాడు. పళ్ళు తర్వాత చూసేవాడు. ఇద్దరిదీ ఒకటే బడి అనిపించింది.

తర్వాత లెక్క. వాళ్ళు పోటీ తేదీ నుంచి వెనక్కి లెక్క పెడతారు. నవంబరు మొదట్లో దూడ 550 పౌన్లు, అంటే దాదాపు 250 కిలోలు. జూలై ఆఖరుకు సుమారు 270 రోజులు. రోజుకు 3 పౌన్లు పెరిగితే 1,360 పౌన్లకు, అంటే 600 కిలోల పైకి చేరుతుంది. తొందరపడి దాణా ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, అజీర్తి చేస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. బద్ధకించి తగ్గిస్తే పక్కటెముకల మీద పట్టాల్సిన కొవ్వు పట్టదు. ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. అందుకే పొద్దున ఒకే వేళకు, సాయంత్రం ఒకే వేళకు, తూకం వేసిన మొక్కజొన్న, ఓట్లు, ఎండుగడ్డి. ఫిబ్రవరిలో అక్కడ మంచు పడుతుంది. తెల్లవారకముందే ఆ పిల్ల తలకు టోపీ చుట్టుకుని, తొట్టిలో గడ్డకట్టిన నీళ్ళను పగలగొట్టడం మా కిటికీలోంచి కనబడేది. ఆ తర్వాతే దాని బడి.

మచ్చిక చేసే పద్ధతి నన్ను బాగా ఆకట్టుకుంది. ముకుతాడు లేదు. తలకు మాత్రం తాడు. మొదట్లో దూడను గట్టి గుంజకు కట్టి, పక్కనే మనిషి ఉండి, కాసేపు ఉంచుతారు. అది లాగుతుంది, గుంజ కదలదు. లాగి లాభం లేదని దానికదే తెలుసుకుంటుంది. దూడ మనిషిని ఒక్కసారి ఈడ్చుకుపోయిందంటే, తన బలం తనకు తెలిసిపోయిందంటే, ఆ పాఠం మరిపించడం చాలా కష్టమట. 45 కిలోల పిల్ల 600 కిలోల జీవాన్ని బరిలో నడిపించగలిగేది చేతి బలంతో కాదు, ఆ నమ్మకంతో.

ఆ అమ్మాయి రోజూ సాయంత్రం దాని పక్కన బకెట్టు బోర్లించుకుని కూర్చుని బడి పుస్తకాలు చదువుకునేది. ఊరికే కూర్చునేది, అంతే. మా ఆవిడ ఒకరోజు "ఆ పిల్ల దానికి పాఠం చెబుతోందా ఏంటండీ?" అని నవ్వింది. నిజానికి చెబుతోంది. నేనున్నాను, నాతో నీకు భయం లేదు అనే పాఠం.

చేతిలో ఒక పొడవాటి కర్ర ఉంటుంది. చివర చిన్న కొక్కెం. నేను మొదట చెర్నాకోల లాంటిదేమో అనుకుని చూశాను. కొట్టడానికి కాదు. కాలు సరిగా పెట్టించడానికి, పొట్ట కింద మెల్లగా గోకి నెమ్మది పరచడానికి. గోకగానే 600 కిలోల జీవం కళ్ళు మూసుకుని నిలబడిపోతుంది.

ఇక కడగడం. ఎండలు ముదిరాక రోజూ చన్నీళ్ళతో తడపడం, గాలి కొట్టే యంత్రంతో ఆరబెట్టడం, వెంట్రుకలను ముందుకూ పైకీ దువ్వడం, ఫ్యాన్ల కింద నీడలో ఉంచడం. చల్లగా ఉంటేనే వెంట్రుక ఒత్తుగా పెరుగుతుంది. పోటీ ముందు దాన్ని కత్తిరించి, దూడ ఆకారం బాగా కనబడేలా తీరుస్తారు. ఇదంతా చేస్తూ ఆ పిల్ల ఒక పద్దు పుస్తకం రాయాలి. దూడ ధర, దాణా ఖర్చు, మందులు, పెరిగిన బరువు. ఆ పుస్తకం కూడా చదువులో భాగమే. "చివరికి మిగులుతుందా?" అని అడిగాను. తండ్రి నవ్వి, "పుస్తకంలో తరచూ నష్టమే, ఇంట్లో లాభం" అన్నాడు.

డబ్బు పెద్దదైన చోట పరీక్ష కూడా పెద్దదవుతుంది. టెక్సస్‌లోని హ్యూస్టన్ ప్రదర్శన 1932లో మొదలైంది. 2022లో అక్కడ మొదటి స్థానం వచ్చిన స్టీర్ వేలంలో 10 లక్షల డాలర్లు పలికింది. అందులో పెంచిన పిల్లలకు ముట్టేది ఒక పరిమితి దాకానే. మిగతాది ఇతర పిల్లల చదువుల నిధికి పోతుంది. అంత డబ్బు, అంత పేరు ఎదురుగా ఉన్నప్పుడు అడ్డదారులూ పుట్టాయి. కండ పెంచే మందులు పెట్టినవాళ్ళు, చర్మం కింద గాలో నూనో ఎక్కించి ఆకారం మార్చినవాళ్ళు పట్టుబడ్డారు. అందుకే ఇప్పుడు చెవికి గుర్తు వేస్తారు, దూడను మధ్యలో మార్చకుండా వెంట్రుకల నమూనా తీసి దాస్తారు, గెలిచినవాటికి మందుల పరీక్ష చేస్తారు. ఆ తప్పులు చేసింది చాలాసార్లు పిల్లలు కాదు, పిల్లలు గెలవాలని తహతహలాడిన పెద్దలు. తల్లిదండ్రులారా, ఈ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగుదాం.

జూలై ఆఖరు వారంలో పోటీ జరిగింది. పెద్ద రేకుల షెడ్డు, రంపపు పొట్టు పరిచిన బరి. మాది ఏ ఊరని ఒక ముసలి రైతు అడిగాడు. ఒంగోలు దగ్గర అని అల్లుడు చెబితే ఆయనకు అర్థం కాలేదు. నెల్లూరు అనగానే ముఖం వెలిగింది. దక్షిణాన టెక్సస్ వైపు ఎండకు తట్టుకునే బ్రాహ్మన్ అనే మోపురం పశువుల జాతి ఉంది. మన దేశపు పశువుల నుంచే దాన్ని తయారుచేసుకున్నారు. అందులో మన ఒంగోలు రక్తమూ ఉంది. అక్కడ దాన్ని నెల్లూరు పేరుతోనే పిలుస్తారు. అంత దూరంలో మన నేల పేరు విని గుండె నిండింది.

న్యాయనిర్ణేత ఒక్కొక్క దూడ చుట్టూ తిరిగి, పక్కటెముకల మీద చేత్తో తడిమి చూశాడు. తర్వాత మైకు పట్టుకుని ఏది ఎందుకు ముందుందో, ఏది ఎందుకు వెనకబడిందో అందరి ఎదుటా కారణాలతో సహా చెప్పాడు. అది నాకు నచ్చింది. దూడను బట్టి ఇచ్చే బహుమతి వేరు, పిల్లలు దాన్ని ఎలా నడిపించారన్నదానికి ఇచ్చే బహుమతి వేరు. మన అమ్మాయి దూడ తన బరువు తరగతిలో నాలుగోది. వెనక తొడలో కండ చాలలేదన్నాడు ఆయన. నడిపించడంలో మాత్రం ఆ పిల్లను రెండో స్థానంలో నిలబెట్టాడు. పక్క దూడ బెదిరి తన్నినప్పుడు ఆమె తాడు గుంజలేదు, ఒక అడుగు వెనక్కి వేసి, పొట్ట కింద గోకి, మళ్ళీ కాళ్ళు సరిచేసి, కళ్ళెత్తి ఆయన వైపు చూసింది. గెలిచిన పిల్లవాడికి చెయ్యి కలిపింది.

మర్నాడు అమ్మకం. ఆ తర్వాత లారీ. అక్కడి పిల్లలందరికీ మొదటి రోజు నుంచే తెలుసు, ఈ దూడ చివరికి ఎక్కడికి వెళ్తుందో. లారీ దగ్గర తలతాడు విప్పి పిల్లలే దాన్ని అప్పగించాలి. ఆ అమ్మాయి దాని మెడ మీద ముఖం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత తానే తాడు విప్పింది. మా ఆవిడ తట్టుకోలేక, "ఇంత ప్రేమగా పెంచి ఎలా పంపుతారమ్మా?" అని మా అమ్మాయి చేత అడిగించింది. ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ చెప్పింది: "దానికి ఒక్కటే చెడ్డ రోజు ఉంటుంది. మిగతావన్నీ మంచి రోజులు ఉండాలని చూశాను."

ఆ మాటకు మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఆ దేశపు పద్ధతి మంచిదని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. కానీ మనం ముసలి ఎద్దును సంతకు తోలి, అది ఎటు పోతుందో అడగకుండా డబ్బు లెక్కపెట్టుకుని ఇంటికి వస్తాం. మా నాన్న తన చివరి జతను అమ్మిన రోజు రాత్రి అన్నం ముట్టలేదు. ఎందుకని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ పదమూడేళ్ళ పిల్ల మాత్రం ఆ సంగతిని ఎదురుగా చూసింది. చూసి కూడా తొమ్మిది నెలలు ఒక్క పూట దాణా తప్పించలేదు. ఎలాగూ పోయేదే కదా అని చెయ్యి వదలలేదు.

ప్రియులారా, మన చేతికి వచ్చినవాటిలో నిజంగా మనవి ఎన్ని? పిల్లలను పెంచుతాం, రెక్కలు రాగానే పంపుతాం. మా చిన్నమ్మాయిని విమానం ఎక్కించిన రోజు ఇంటికొచ్చి నేనూ మా ఆవిడా ఒక్క మాట మాట్లాడుకోలేదు. సంఘ కాపరి పని కూడా ఇంతే. ఈ ఊరి సంఘం నాది కాదు. నాకు ముందు ఒకరు మేపారు, నా తర్వాత ఒకరు మేపుతారు. అప్పగించవలసిన రోజు ఉందని తెలిసినవాడు రెండు రకాలుగా ఉండవచ్చు. ఎలాగూ నాది కాదు కదా అని పని తగ్గించవచ్చు. లేదా అప్పగించేనాటికి దీన్ని నిండుగా ఉంచాలని, మంచు పడిన తెల్లవారుజామున కూడా లేచి తొట్టి దగ్గరికి వెళ్ళవచ్చు.

పోటీలో గెలవడానికి ఏం కావాలని మీరు అడిగితే నాకు తెలిసింది ఇదే: నడక చూసి ఎంచుకునే కన్ను, వేళ తప్పని చెయ్యి, కొట్టకుండా నిలబెట్టగల ఓపిక, అడ్డదారి తొక్కని మనసు. ఇవన్నీ ఉన్నా నాలుగో స్థానం రావచ్చు. ఆ పిల్ల ఈ నవంబరులో మళ్ళీ ఒక దూడను తెచ్చుకుందని మొన్న అమ్మాయి ఫోనులో చెప్పింది. ఈసారి వెనక తొడలు బాగా చూసి కొన్నారట.