పన్నెండు ఫొటోలు, తొమ్మిది వందల మర్రిచెట్లు

రీల్ అంటే మీకు ఇన్‌స్టాలో ముప్ఫై సెకన్ల వీడియో. చేవెళ్లలో ఒకప్పుడు స్టూడియో నడిపిన మా మేనమామకి మాత్రం రీల్ అంటే పన్నెండు ఫొటోలు. పదమూడోది లేదు.

కిందటేడు ఇనప బీరువా సర్దుతుంటే ఆయన పాత యాషికా కెమెరాతో పాటు వాడని రీళ్లు రెండు బయటపడ్డాయి. డబ్బా మీద ‘ఇందు’ అని ఉంది. మన దేశంలోనే తయారైన బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ అది. ఊటీలో 1960లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్, 1967 నుంచి తయారు చేసింది. కలర్ వచ్చి దెబ్బ కొట్టింది, 1996లో ఖాయిలా జాబితాలో పడింది, ఆ తర్వాత మూతపడింది. అంటే ఇక కొనాలన్నా దొరకదు.

“తీస్కపోరా అల్లుడా, నేనేం జేసుకుంటా వీటిని” అన్నాడు మామ.

ఏం తీయాలో ఆలోచించనక్కర్లేదు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే దారిలో ఎప్పుడైనా బండి మీద వెళ్లారా? రెండువైపులా మర్రిచెట్లు పైన కలిసిపోయి గుహలా ఉంటుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డులో తొమ్మిది వందలకు పైగా చెట్లు. నిజాం కాలంలో నాటినవంటారు. రోడ్డు వెడల్పు చేస్తే వాటిలో ఎన్ని మిగులుతాయనే గొడవ ఏళ్ల తరబడి నడిచింది.

చెట్టు కింద చాయ్ అమ్మే అక్కని అడిగితే కోపంగా చూసింది. “చెట్టు గావాలె, రోడ్డు గూడ గావాలె. మా వాడకట్టు పిలగాడు గీ రోడ్డు మీదనే పోయిండు.” 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ మాట తర్వాత నా కెమెరా కాస్త బరువెక్కింది.

ఫోన్లో అయితే అరగంటలో రెండొందలు తీసేవాణ్ని. ఇక్కడ పన్నెండే. ఏ చెట్టుని వదిలేయాలి? ఒక్కో ఫొటోకి గంట పట్టింది. ఫిల్మ్ పాతబడేకొద్దీ వెలుతురుని పట్టే శక్తి తగ్గుతుంది. పదేళ్లకో స్టాప్ ఎక్కువ ఇవ్వాలని ఫొటోగ్రాఫర్ల లెక్క. నేను రెండు స్టాపులు ఇచ్చా, అంటే నాలుగు రెట్ల వెలుతురు. చెట్ల నీడలో షట్టర్ సెకనుసేపు తెరిచి ఉంచాల్సి వచ్చింది. లారీలు పొగలా కరిగిపోయాయి, ఊడలు మాత్రం కదల్లేదు.

ఇక కడగడం. (మామ ఎప్పుడూ ‘డెవలప్’ అనడు, ‘రీలు కడగడం’ అంటాడు.) డెవలపర్ డి-76: మెటాల్, హైడ్రోక్వినోన్, సోడియం సల్ఫైట్, బోరాక్స్. పాత ఫిల్మ్ మసకబారుతుంది కాబట్టి చిటికెడు పొటాషియం బ్రోమైడ్ కూడా. నీళ్లు 20 డిగ్రీలుండాలి. మన ఏప్రిల్‌లో ట్యాంకు నీళ్లు ముప్ఫై దాటే ఉంటాయి. బకెట్లో ఐసు వేసి, అందులో సీసాలు నిలబెట్టి, చీకటి సంచిలో చేతులు పెట్టి రీలు చుట్టా. తొమ్మిది నిమిషాలు డెవలపర్, నిమిషానికోసారి ఊపడం, తర్వాత హైపో. మామ బయట స్టూల్ మీద కూర్చుని గడియారం చూసి అరుస్తూనే ఉన్నాడు.

తొమ్మిది వచ్చాయి. మూడు ఉత్త బూడిద రంగు. ఇంకో వింత: ఫిల్మ్ వెనక ఉండే కాగితం మీది అంకెలు ఇన్నేళ్లలో ఫిల్మ్‌కి అంటుకున్నాయి. ఓ పెద్ద చెట్టు మాను మీద లీలగా ‘7’ కనిపిస్తుంది. నాకు అదే నచ్చింది.

నెగెటివ్‌ని తెల్లటి ఫోన్ స్క్రీన్ మీద పెట్టి, ఇంకో ఫోన్‌తో ఫొటో తీసి, రంగులు తిరగేస్తే చాలు, చెట్టు బయటికొస్తుంది. చాయ్ అక్కకి చూపించా. “గిది మొన్న తీసిందేనా? మా తాత జమానా లెక్కున్నది” అని, తన కొట్టు ఎక్కడుందో వెతుక్కుంది. అంచున సగం కనిపించింది.

రెండో రీలు ఫ్రిజ్‌లో కొత్తిమీర పక్కన ఉంది. ఈ ఆదివారం మన్నెగూడ వైపు నుంచి మొదలుపెడదామనుకుంటున్నా. మామ కూడా వస్తాడట. కాకపోతే ఈసారి షట్టర్ తనే నొక్కుతాడట.