మెదడును గూర్చి యే గ్రంథము చదువవలెను?

స్వయముగా శాస్త్రము నభ్యసింపగోరువానికి గ్రంథమే గురువు. గురువును పరీక్షింపక శిష్యుడగుట యెంత యవివేకమో, గ్రంథమును పరీక్షింపక నమ్ముటయు నంత యవివేకమే. మెదడును గూర్చిన శాస్త్రమున నీ పరీక్ష మరింత యావశ్యకము. ఏలయన, బిడ్డల తెలివి పెరుగుననిన తల్లిదండ్రులు దేనినైనను నమ్ముటకు సిద్ధముగా నుందురు.

ఇటీవల మా బడిపిల్లవాని తండ్రి యొకరు, “మాస్టారూ, మావాణ్ణి మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్‌లో చేర్పించమంటారా?” అని నన్నడిగిరి. ఆ శిక్షణచే బిడ్డ కన్నులకు గంతలు కట్టుకొని పుస్తకము చదువునట! నడిమెదడు కనుగ్రుడ్ల కదలికవంటి పనులకు తోడ్పడును గాని, కన్నులు లేక చూపు నీయజాలదు. ముక్కుప్రక్కన గంతల సందునుండి బిడ్డలు చూచుచుందురని హేతువాదులు బయలుపరచిరి. సొమ్ము పోవుట యటుండనిండు. కపటమే విద్యయని పసివాడు నేర్చుట యెంతటి హాని! నాడు తాయెత్తు కట్టినవాడే నేడు శాస్త్రపదమును కట్టుచున్నాడు. వలదని చెప్పుట సులభము. ఏల వలదో చెప్పుటకు చదువు కావలెను.

పుస్తకముల నెన్నుకొనునపుడు నేను మూడు ప్రశ్నలు వేసికొందును.

మొదటిది: విషయ మెట్లు తెలిసినదో గ్రంథకర్త చెప్పుచున్నాడా? చరకసంహిత చేతనకు హృదయమును స్థానముగా జెప్పినది. 1861లో పారిస్ నగరమున బ్రోకా యను వైద్యుడు, మాట పడిపోయిన రోగి మరణించిన పిమ్మట మెదడును పరిశీలించి, యెడమవైపు ముందుభాగము చెడియుండుటను చూపెను. ఇట్టి సాక్ష్యముచే పూర్వుల మాటను దిద్దుకొనుట వారిని అగౌరవపరచుట కాదు.

రెండవది: కొత్త సంగతి తెలిసినపుడు పాతమాటను సవరించుచున్నాడా? మానవుని మెదడున పదివేలకోట్ల నాడీకణములున్నవని చిరకాలము వ్రాసిరి. 2009లో బ్రెజిల్ పరిశోధకులు సుమారు 8,600 కోట్లని లెక్క తేల్చిరి.

మూడవది: లేని శక్తుల నాశపెట్టుచున్నాడా? మనము మెదడులో పదవవంతే వాడుదుమని చెప్పు గ్రంథమును నేనక్కడనే మూసివేయుదును. దేహపు బరువులో నూటికి రెండుపాళ్లున్న మెదడు, విశ్రాంతివేళ దేహము వెచ్చించు శక్తిలో నూటికి ఇరువదిపాళ్లు వాడుకొనును. తొమ్మిదివంతులు సోమరియైన యవయవమున కింత గ్రాసమేల?

ఈ పరీక్షకు నిలిచినవానిలో బేర్, కానర్స్, పారడీసో అను మువ్వురు రచించిన ‘న్యూరోసైన్స్: ఎక్స్‌ప్లోరింగ్ ద బ్రెయిన్’ మొదట చదువదగినది. కాండెల్ మొదలగువారి ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ న్యూరల్ సైన్స్’ 1981లో వెలువడి, 2021లో ఆరవ కూర్పు పొందినది. దానిని నిఘంటువువలె సందేహనివృత్తికి దగ్గర నుంచుకొనవలెను. చేయి తెగినవానికి లేని చేతిలో నొప్పి యేల కలుగునో తెలియగోరువారు, రామచంద్రన్ 1998లో సాండ్రా బ్లేక్‌స్లీతో కలిసి వ్రాసిన ‘ఫాంటమ్స్ ఇన్ ద బ్రెయిన్’ చదువవచ్చును. అయితే ఒక్క రోగి వృత్తాంతమును సర్వజనులకును నియమముగా నెంచరాదు.

మెదడు వాడు శక్తి యనగానే మన గోదావరిసీమ జ్ఞప్తికి రావలెను. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున కొంతకాలము చదివిన యెల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1929లో కండరములయందు ఏటీపీ యను పదార్థమును కనుగొనెను. నాడీకణము తనలోని సోడియమును వెలికి నెట్టి, వార్తలు పంపుటకు సంసిద్ధముగా నుండుట యా పదార్థపు బలముననే.

వీరేశలింగముగారు శరీరశాస్త్రమును తెలుగున వ్రాసిరి. 1906లో వెలసిన విజ్ఞానచంద్రికామండలి శాస్త్రగ్రంథములను తెలుగింటికి తెచ్చినది. ఆ కృషిని కొనసాగించుటకు మనకు గొప్ప సాధనము లక్కరలేదు. వారమున కొక ప్రకరణము చదివి, భోజనానంతరము ఇంటిల్లిపాదికిని తెలుగున చెప్పి చూడుడు. ఇల్లాలి ప్రశ్నకును, బిడ్డ ప్రశ్నకును ఉత్తరము తోచకున్నచో ఆ ప్రకరణమును మరల చదువుడు. “ఎట్లు తెలిసినది?” అని యడుగ నేర్చిన బిడ్డ కన్నులకు ఎవడును సులభముగా గంతలు కట్టజాలడు.